మాంటెల్ విమాన ప్రమాదం: కిందికి వచ్చేటప్పుడు స్పృహ తిరిగి రాదా?

1948 జనవరి 7న అమెరికాలోని కెంటకీలో కూలిన ఎఫ్-51డి మస్టాంగ్ యుద్ధవిమానం గురించి ఒక్క విషయం నాకు అంతుపట్టడం లేదు. ఆకాశంలో కనిపించిన గుర్తుతెలియని వస్తువును వెంబడిస్తూ కెప్టెన్ థామస్ మాంటెల్ ఆక్సిజన్ లేకుండానే పైకి వెళ్లారు. అప్పటికి ఆయన వయసు 25. వెంట వేరే విమానాల్లో ఉన్న పైలట్లు సుమారు 22,500 అడుగుల దగ్గర వెనుదిరిగారు. ఆయన 25,000 అడుగుల వద్ద స్పృహ తప్పారని, విమానం తనంతట తాను 30,000 దాకా ఎక్కి, ఎడమకు తిరిగి, సుడులు తిరుగుతూ పడిపోయిందని దర్యాప్తు సారాంశం. ఆయన చేతి గడియారం 3:18కి ఆగిపోయింది. ఆ వస్తువు స్కైహుక్ అనే, చాలా ఎత్తుకు ఎగిరే పరిశోధన బెలూన్ కావచ్చన్న చర్చ నాకు ముఖ్యం కాదు.

వైమానిక వైద్య పట్టికలు చూశాను. 25,000 అడుగుల వద్ద పైలట్ సరిగా పనిచేయగలిగేది 3 నుంచి 5 నిమిషాలే అని ఉంది. అయితే స్పృహ ఎంతసేపటికి తిరిగి వస్తుందో వాటిలో లేదు. కంప్యూటర్ సిమ్యులేటర్‌లో రెండు సార్లు ప్రయత్నించినా విమానం పడే తీరే తెలిసింది, మనిషి సంగతి తెలియలేదు.

వైమానిక వైద్యం తెలిసినవారు, పైలట్లు చెప్పగలరా: 30,000 అడుగుల నుంచి అంత వేగంగా పడుతున్నప్పుడు, 12,000 అడుగుల కింది చిక్కటి గాలి అందాక ఎన్ని సెకన్లలో పైలట్ మళ్లీ కంట్రోల్ స్టిక్ పట్టగలిగే స్థితికి వస్తాడు?