క్షయం, విచ్ఛిత్తి వేర్వేరా?

కావలి విద్యార్థిని: రేడియోధార్మిక క్షయంలోనూ, కేంద్రక విచ్ఛిత్తిలోనూ కేంద్రకమే మారుతున్నప్పుడు వాటిని వేర్వేరుగా ఎందుకు చెబుతారో పెద్దలు దయచేసి వివరించగలరా?

ఒంగోలు విశ్రాంత ఉపాధ్యాయుడు: అమ్మా, క్షయం తనంతట తానే జరుగుతుంది, వేడిచేసినా, చల్లబరచినా దాని వేగం మారదు. అయోడిన్-131 పరమాణువుల్లో సగం 8 రోజుల్లో, మిగిలినవాటిలో సగం మరో 8 రోజుల్లో క్షయమవుతాయి గానీ, ఫలానా పరమాణువు ఎప్పుడు మారుతుందో ఎవరూ చెప్పలేరు; ఎన్నేళ్లు బోధించినా నాకు ఆశ్చర్యం తగ్గని విషయం ఇదే. విచ్ఛిత్తిలోనైతే, నెమ్మదిగా వచ్చిన న్యూట్రాన్‌ను గ్రహించిన యురేనియం-235 కేంద్రకం రెండు పెద్ద ముక్కలై, రెండు మూడు న్యూట్రాన్లను వెదజల్లుతుంది. అవి మరిన్ని కేంద్రకాలను చీల్చడమే శృంఖల చర్య.

కందుకూరు పాఠకుడు: ఆ అదనపు న్యూట్రాన్లను రియాక్టర్లలో బోరాన్ లేదా కాడ్మియం కడ్డీలు పీల్చుకుంటాయి.

నెల్లూరు అధ్యాపకురాలు: మాస్టారూ, ఒక చిన్న చేర్పు: కాలిఫోర్నియం-252 క్షయాల్లో సుమారు 3 శాతం, ఏ న్యూట్రానూ తాకకుండానే జరిగే విచ్ఛిత్తులు.