తీగ లాగితే కదిలేది ఏ డొంక?

(ప్రతి మాట ముందు ఉన్నది మాట్లాడినవారి ఊరు లేదా పేట పేరు.)

బ్రాడీపేట: నిన్న మా పాత సన్ వర్క్‌స్టేషన్‌కు (సన్ కంపెనీ కంప్యూటర్) టేపు మీద డేటా దాచే టేప్ డ్రైవ్ బిగించాను. దాని గుర్తింపు అంకె (ఐడీ) 4 పెట్టి, స్కజీ కేబుల్‌కు ఏమేం తగిలించి ఉన్నాయో చూపే ప్రోబ్-స్కజీ ఆదేశం కొట్టి చూస్తే టేపు కనిపించలేదు సరికదా, 3లో ఉండవలసిన డిస్కు కూడా మాయం! కేబుల్ తగిలించడానికి డిస్కు పెట్టె వెనక నుంచి ఊడదీసిన టెర్మినేటర్ (కేబుల్ వరస చివర పెట్టవలసిన బిరడా) బల్ల మీదే ఉండిపోయింది. దాన్ని టేపు పెట్టె వెనక పెట్టగానే రెండూ కనిపించాయి. ‘తీగ లాగితే డొంకంతా కదిలింది’ అని మా అమ్మమ్మ అనేవారు. నిన్నటి నుంచి ఆ మాటే మెదులుతోంది. మా వైపు డొంక అంటే పొలాల మధ్య బండిబాట. తీగ లాగితే బాట ఎలా కదులుతుంది?

తెనాలి: ఇక్కడ డొంక అంటే పొద. ముళ్లడొంక అనమూ? బాటకు సంబంధమే లేదు.

సత్యనారాయణపురం: అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. ‘డొంకతిరుగుడు’ సంగతేమిటి? పొద ఎక్కడా తిరగదు, మలుపులు తిరిగేది బాటే. మన డొంకలకు రెండు పక్కలా కంప, దాని మీద అల్లుకున్న దొండ, కాకర తీగలు. ఒక్కటి పట్టి లాగితే గట్టు పొడవునా ఆకులు ఊగుతాయి. పొద పేరే బాటకు వచ్చిందని నా నమ్మకం.

తెనాలి: గట్టు మీది కంప ఊగితే డొంక కదిలినట్టు కాదు కదండీ!

అరండల్‌పేట: డొంక సరే, తీగను వదిలేశారు. పాతకాలపు రాతలో అది ‘తీఁగ’. అరసున్న తీసేశాక మాట సగం బిగువు పోయింది. ‘తీఁగె’ రూపమూ ఉంది, మా నాన్నగారు అలాగే పలికేవారు. ఇలాంటి ఇంటిమాట తిక్కన చేతిలో పడితే ఎలా నిలబడేదో! విరాటపర్వం నుంచి 15 పర్వాలు, అందులో పాత్రలు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. గుంటూరు విభుడు మంత్రి భాస్కరుడి మనుమడు కదా, ఆయన మన మనిషే.

సత్యనారాయణపురం: తాతది గుంటూరైతే కావచ్చు, ఆయన కవిత్వం పండింది నెల్లూరులో. అయినా పలుకుబడిలో లేని అరసున్నకు అంత పట్టింపు దేనికి?

బ్రాడీపేట: ఒక్క అక్షరమే అయినా పట్టించుకోవాలండీ. ఈరోజు పరీక్షకని, ఫైళ్లను టేపు మీదికి ఎక్కించే టార్ ఆదేశంతో రెండు డైరెక్టరీలు విడివిడిగా టేపు మీదికి రాశాను. టేపులో ఏమున్నాయో చూపే టార్ టీవీఎఫ్‌తో చదివిస్తే రెండోదే వచ్చింది. టేప్ డ్రైవ్ పేరు ఆర్‌ఎస్‌టీ0 అని ఇస్తే పని ముగియగానే టేపు మొదటికి చుట్టుకుంటుంది, కాబట్టి రెండోది మొదటిదాని మీదే పడింది. ముందు ఒక్క ‘ఎన్’ చేర్చి ఎన్‌ఆర్‌ఎస్‌టీ0 అన్నాను, టేపు ఆగిన చోటే ఉండి రెండూ దక్కాయి.

అరండల్‌పేట: అరసున్న గురించి నేను మొత్తుకునేదీ ఇదే!

తెనాలి: పల్నాడు వారెవరైనా ఉంటే చెప్పండి. మీ దగ్గర డొంకలో నడుస్తారా, డొంకను నరుకుతారా?