నెలలు నిండని పాపకి కంటి పరీక్ష వాయిదా వేయొచ్చా?

గుంటూరు అమ్మమ్మ:
మా అమ్మాయికి 30 వారాలకే కాన్పయింది. పాప 1,350 గ్రాములు పుట్టింది. విజయవాడలో ఎన్‌ఐసీయూలో, అంటే పసిబిడ్డల ఐసీయూలో ఉంచి, 1,650 అయ్యాక నిన్న ఇంటికి పంపారు. ఈ శుక్రవారం మళ్లీ అక్కడికే కంటి పరీక్షకు రమ్మన్నారు. పాప చక్కగా చూస్తోంది, కళ్లలో పుసి కూడా లేదు. ఈ ఎండల్లో పసిగుడ్డును తిప్పడం ఎందుకు, మూడో నెల వచ్చాక చూద్దామని మా వియ్యపురాలు గారు అంటున్నారు. నాకూ టెన్షన్‌గానే ఉంది. ఏం చేయమంటారు?

ఎన్‌ఐసీయూ నర్సు:
అమ్మా, దయచేసి వాయిదా వేయొద్దు. 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల కన్నా తక్కువ పుట్టినా నెలరోజుల్లోపు రెటీనా చూపించాలి. రెటీనా అంటే కంటి వెనక పొర, దాంట్లో రక్తనాళాలు కడుపులో ఉండగానే పెరగాలి. ముందే పుట్టిన బిడ్డల్లో ఒక్కోసారి అవి అడ్డదిడ్డంగా పెరుగుతాయి. దాన్నే ఆర్‌ఓపీ అంటారు. పైకి పుసి ఉండదు, ఎరుపు ఉండదు. చుక్కలు వేసి డాక్టరు లోపలికి చూస్తేనే తెలుస్తుంది. వేళకి పట్టుకుంటే లేజర్‌తోనో ఇంజెక్షన్‌తోనో చాలామందికి చూపు నిలుస్తుంది. మూడో నెల దాకా ఆగితే, జబ్బు ఉన్న బిడ్డకి ఆలోపే రెటీనా ఊడిపోవచ్చు. అలా ఆలస్యంగా తెచ్చిన బిడ్డల్ని చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

ఎండ ఎక్కకముందే బయలుదేరండి. టోపీ పెట్టండి, ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి. చుక్కలకి ముందు పాలు ఎప్పుడు ఆపాలో ఫోన్ చేసి అడగండి. మళ్లీ రమ్మంటే ఆ తేదీకీ వెళ్లాలి.

పిల్లల డాక్టరు:
నర్సమ్మ చెప్పింది అక్షరాలా నిజం. వినికిడికి బెరా పరీక్ష కూడా చేయించండి. టీకాలు పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి. మెడ నిలపడం, కూర్చోవడం మాత్రం ముందే పుట్టిన పది వారాలు తీసేసి లెక్కపెట్టండి, లేకపోతే అనవసరంగా భయపడతారు. సాంబ్రాణి పొగ మాత్రం అస్సలు వద్దు, ఆ ఊపిరితిత్తులు తట్టుకోలేవు.

గుంటూరు అమ్మమ్మ:
వియ్యపురాలు గారికి చదివి వినిపించాను, ఒప్పుకున్నారు. తెల్లారగానే బయలుదేరి, వారధి మీద రద్దీ మొదలయ్యేలోపు దాటేస్తాం. ఇంకొక్క మాట. గుండెకి ఆనించి పడుకోబెట్టడం అమ్మాయే చేయాలా? దానికి నిద్రే ఉండటం లేదు.

ఎన్‌ఐసీయూ నర్సు:
తల్లే అక్కర్లేదమ్మా. అల్లుడుగారు చేయొచ్చు, మీరూ చేయొచ్చు. ఒంటికి ఒళ్లు తగలాలి, పాప మెడ ఒక పక్కకి తిరిగి ముక్కు కనపడుతూ ఉండాలి. చేసేవాళ్లు నిద్రపోకూడదు, అంతే.