సిరిమాను బొమ్మ డిజిటల్‌గా వేస్తున్నాను, రంగులు మురికిగా వస్తున్నాయి, ప్రింట్ ఇంకా నల్లగా వస్తోంది

గంటస్తంభం_కుర్రోడు, విజయనగరం:

నమస్తే అందరికీ. పోయిన పైడితల్లమ్మ పండక్కి తీసిన ఫొటోలు పక్కన పెట్టుకుని క్రిటా అనే బొమ్మలేసే సాఫ్ట్‌వేర్‌లో సిరిమాను బొమ్మ వేస్తున్నాను, స్క్రీన్ లేని పెన్ టాబ్లెట్ మీద. ఊరేగింపులో తిప్పే పొడుగాటి మాను, దాని చివర కూర్చున్న పూజారి గారు, కింద జనం, ముందు వరసలో ఘటాలెత్తుకున్న ఆడోళ్ళు, వెనకాల కోట. పూర్తయ్యాక ఏ2 సైజులో ప్రింట్ తీయించి, ఫ్రేమ్ కట్టించి అమ్మమ్మకి ఇవ్వాలని ఉంది, ఆవిడిప్పుడు అంత జనంలోకి వెళ్ళలేదు, అందుకే ఏదో వేశాంలే అన్నట్టు ఉండకూడదు.

ఇబ్బంది ఏటంటే ఫొటోలో పసుపు చీర ధగధగలాడుతోంది, అదే రంగు పిక్కర్‌తో (ఫొటోలో నొక్కిన చోటి రంగుని తీసిచ్చే టూల్) తీసి బొమ్మలో పెడితే వెలిసిపోయినట్టుంది. నీడల కోసం కింది రంగుని ముదురు చేసే మల్టిప్లై లేయర్ పెట్టి నలుపు వేస్తే చీర పాచి పట్టినట్టు ఆకుపచ్చగా తిరిగిపోతోంది. ఎర్ర చీరల్లో అయితే మడతలే లేవు, మొత్తం ఒకటే ఎరుపు. శాంపిల్‌కి ఏ4 తీయిస్తే స్క్రీన్ మీద ఉన్నదానికంటే బాగా నల్లగా వచ్చింది. లాప్‌టాప్‌ది 8 జీబీ ర్యామ్, లేయర్లు పెరిగేకొద్దీ గీత పెన్ను వెనకాల ఈడ్చుకుంటూ వస్తోంది. టాబ్లెట్ మార్చాలా, సాఫ్ట్‌వేర్ మార్చాలా, నేను వేసే పద్ధతే మార్చాలా? తెలిసినోళ్ళు చెప్పండి.

నాగావళి_గట్టు, శ్రీకాకుళం:

తమ్ముడూ, టాబ్లెట్ జోలికీ సాఫ్ట్‌వేర్ జోలికీ పోకు, రెండూ ఈ బొమ్మకి సరిపోతాయి. మార్చాల్సింది వరస. నువ్వు రంగుతో మొదలెట్టి తర్వాత నీడలు చూసుకుంటున్నావ్, ముందు వెలుగూ చీకటీ తేల్చుకో, రంగు సంగతి తర్వాత.

ఇలగ చెయ్యి. అన్ని లేయర్ల పైన ఒక లేయర్ పెట్టి మొత్తం బూడిద రంగు నింపి దాని బ్లెండింగ్ మోడ్ ‘కలర్’ అని మార్చు, బొమ్మంతా నలుపు తెలుపులో కనిపిస్తుంది, పక్కన కన్ను గుర్తు నొక్కి అవసరమైనప్పుడల్లా ఆన్ చేసి చూసుకుంటూ ఉండు. అలా చూసినప్పుడు మాను చివర కూర్చున్న పూజారి గారు ఆకాశంలో కలిసిపోతే నువ్వు పైన ఎన్ని రంగులు వేసినా ఆయన కనిపించడు. ఈ బొమ్మకి అదే ప్రాణం కదా. ఆకాశం లేతగా, మాను చివర ముదురుగా, కింద జనం మధ్యరకంగా. మొదట్లో మూడు మెట్లు చాలు, నాలుగోది కూడా వద్దు, ముఖాల్లోకి అప్పుడే వెళ్ళిపోకు.

పిక్కర్ సంగతి. ఫొటోలో నీడలో ఉన్న తెల్ల పంచె చూడు, నీలంగా అనిపిస్తుంది. పిక్కర్ పెట్టి తీస్తే వచ్చేది ఉత్త బూడిద. పక్కన పసుపు ఉండబట్టి మన కంటికి అది నీలంలా తోచింది, ఆ పసుపు లేని చోట పెట్టావంటే బూడిద బూడిదలాగే ఉంటుంది. అందుకని పిక్కర్‌ని అనుమానం తీర్చుకోడానికి వాడు, రంగు కోసం వాడకు. కంటితో చూసి నువ్వే కలిపి, తర్వాత ఎంత దూరంలో ఉన్నావో చెక్ చేసుకో.

ఇక పసుపు. పసుపులో నలుపు కలిస్తే ఆకుపచ్చలోకి తిరుగుతుంది, పోస్టర్ కలర్ డబ్బాల్తో వేసినా అంతే, నీ టాబ్లెట్ తప్పు కాదు. ఎండలో ఉన్న చీర రంగు హ్యూ (రంగుల చక్రంలో రంగు ఎక్కడుందో చెప్పే అంకె) 50 దగ్గరుందనుకో, నీడలోకి వచ్చేసరికి 35కి దించు, మడత లోపలికి 25కి దించు, అప్పుడు నారింజ మీదుగా గోధుమ రంగులోకి దిగుతుంది, చీర పసుపుగానే ఉంటుంది. మల్టిప్లై లేయరే కావాలంటే నలుపు బదులు లేత వంగపండు రంగు పెట్టి చూడు, తేడా వెంటనే తెలుస్తుంది. ఇంకొకటి, ఎండ పడ్డ పసుపు చీర దాని వెలుగు మొహం మీదికి కొడుతుంది, గెడ్డం కింద, చేతి లోపలి వైపు. ఆ కాస్త పసుపు వెచ్చదనం పెట్టావంటే మనిషి ఆ చీరలో ఉన్నట్టుంటుంది, లేకపోతే కత్తిరించి అంటించినట్టుంటుంది. నాకు ఏ బొమ్మలోనైనా ముందు కన్ను పడేది అక్కడే.

పెళ్ళి_ఆల్బమ్, రాజాం:

రంగుల గురించి నాగావళి అన్న చెప్పేశారు, నేను ప్రింట్ గురించి చెప్తాను, రోజూ అదే పని.

ముందు సైజు. ఏ2 అంటే 420 బై 594 మిల్లీమీటర్లు, 300 పీపీఐలో, అంటే అంగుళానికి 300 పిక్సెల్స్ లెక్కన, 4961 బై 7016 పిక్సెల్స్. 8 బిట్‌లో ఒక్క నిండు లేయర్‌కే దాదాపు 140 ఎంబీ, 16 బిట్ పెట్టావంటే రెట్టింపు. ఇరవై ముప్పై లేయర్లేసుకుంటే 8 జీబీ లాప్‌టాప్ ఏం చేస్తుంది పాపం. గోడకి పెట్టి నాలుగైదు అడుగుల దూరం నుంచి చూసే బొమ్మకి 200 పీపీఐ చాలు, అంటే 3307 బై 4677, లేయర్‌కి 62 ఎంబీ అయిపోతుంది. నచ్చిన లేయర్లు కలిపేస్తూ వెళ్ళు, కలిపే ముందు ఫైల్ ఇంకో పేరుతో సేవ్ చేసుకో. గీత ఈడ్చుకుని రావడానికి చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజర్ కూడా కారణం కావచ్చు, ఎక్కువ పెట్టుంటే అది కావాలనే వెనకబడి వస్తుంది, ఒకసారి తీసేసి చూడు.

నల్లగా రావడానికి నూటికి తొంభై పాళ్ళు కారణం స్క్రీన్ బ్రైట్‌నెస్. స్క్రీన్ వెలుగుతుంది, కాగితం వెలగదు కదా. ఫుల్ బ్రైట్‌నెస్‌లో వేసినోళ్ళు తెలీకుండానే బొమ్మని ముదురుగా వేసేస్తారు. పగటిపూట కిటికీ పక్కన కూర్చుని స్క్రీన్ మీద తెల్ల పేజీ తెరువు, పక్కన తెల్ల కాగితం పట్టుకో, రెండూ ఒకేలా కనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించు. నైట్ మోడ్ ఆపేయ్. ఫోన్‌లో చూసి రంగు తేల్చుకోవద్దు, ఫోన్లు రంగుని పెంచి చూపిస్తాయి.

తర్వాత ఎవరి దగ్గర ప్రింట్ చేయిస్తున్నావో వాళ్ళని ఫైల్ ఎలగ కావాలో అడుగు. ఫొటో ల్యాబ్ అయితే ఎస్‌ఆర్‌జీబీ (స్క్రీన్ రంగుల పద్ధతి) జేపెగ్ అడుగుతారు, నువ్వు సీఎంవైకే (ప్రింటింగ్ సిరాల పద్ధతి) చేసి ఇస్తే ఇంకా పాడవుతుంది. ఆఫ్‌సెట్ వాళ్ళు సీఎంవైకే అడుగుతారు. అసలు ఫైల్ ఎస్‌ఆర్‌జీబీలోనే ఉంచుకుని కాపీ తీసి మార్చు. సీఎంవైకే అయితే క్రిటాలో కంట్రోల్, వై నొక్కు, సాఫ్ట్ ప్రూఫ్, అంటే ప్రింట్‌లో ఎలా వస్తుందో స్క్రీన్ మీదే కనిపిస్తుంది. షిఫ్ట్ కూడా కలిపి నొక్కితే ప్రింట్‌లో రాని రంగులు ఏవో గుర్తు పెట్టి చూపిస్తుంది. మెరిసే నీలం, రేడియం ఆకుపచ్చ పోతాయి, పసుపు కుంకుమ రంగులు మరీ అంత దెబ్బ తినవు, ఆ విషయంలో నీ బొమ్మ నయం. ఫ్లెక్సీ షాపులో మాత్రం వేయించకు, అది రోడ్డు మీద దూరం నుంచి చూడ్డానికి, మొహాలు దగ్గర్నుంచి చూస్తే చుక్కలు చుక్కలుగా ఉంటుంది.

బొబ్బిలి_కెమెరా:

ఎరుపులో మడతలు పోవడం నీ పెయింటింగ్ తప్పు కాదు తమ్ముడూ, ఫొటోలోనే పోయాయి. సాయంత్రం ఎండలో ఎర్ర చీర తీస్తే రెడ్ ఛానల్ ముందే నిండిపోతుంది, మామూలు హిస్టోగ్రామ్ (వెలుగు ఎంతుందో చూపించే గ్రాఫ్) బాగానే ఉన్నట్టు చూపిస్తుంది, మూడు రంగులకి విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ పెట్టుకుంటేనే తెలుస్తుంది. ఒకసారి పోయాక ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చివ్వలేదు. ఇంట్లో ఎర్ర చీర ఒకటి ఎవరికైనా కట్టించి సాయంత్రం డాబా మీద నిలబెట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించి, అంటే వెలుగు సగానికి తగ్గించి తియ్యి, మడతలకి అది చూసి వేసుకో.

ఈసారి పండక్కి మళ్ళీ వెళ్తావు కదా, అప్పుడు నాలుగు సంగతులు గుర్తు పెట్టుకో. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే ఆ సాయంత్రపు బంగారు రంగుని కెమెరా తప్పనుకుని చల్లార్చేస్తుంది, డేలైట్ మీద పెట్టి ఉంచు. ఫోన్ అయినా ప్రో మోడ్‌లో రా ఫైల్ (ఫోన్ మార్పులు చెయ్యని అసలు ఫైల్) తియ్యి, ఫోన్ తనంతట తను చేసే హెచ్‌డీఆర్ నీడల్ని ఎత్తేసి బొమ్మని చదును చేస్తుంది, నువ్వు ఫొటో చూసి వేసినప్పుడు ఆ చదునే వస్తుంది. మాను ఊగుతుంది, జనం అరటిపళ్ళు విసురుతుంటారు, షట్టర్ స్పీడ్ 1/500 సెకను కంటే నెమ్మదించకుండా చూసుకో. అక్టోబర్‌లో మనకి అయిదున్నర దాటితే ఎండ అయిపోయినట్టే, కానీ మాను గుడికీ కోటకీ మధ్య మూడు సార్లు తిరుగుతుంది, ఒకసారి దొరక్కపోతే ఇంకోసారి ఉంది, తోసుకోవద్దు. ఊరేగింపులో తెల్ల ఏనుగు, అంజలి రథం ముందే వస్తాయి, ఎక్స్‌పోజర్ వాటి మీద సరిచేసుకుని ఉంచుకుంటే సిరిమాను వచ్చేసరికి చెయ్యి కుదురుగా ఉంటుంది.

గంటస్తంభం_కుర్రోడు:

అందరికీ చాలా థాంక్స్. బూడిద లేయర్ పెట్టి చూశాను, నిజంగానే పూజారి గారు ఆకాశంలో కలిసిపోయారు, ఇప్పుడు దాని మీదే పని చేస్తున్నా. ఇంకో డౌట్, మాను పొట్టిగా, కాస్త వంకరగా కనిపిస్తోంది. ఫొటో కింద పెట్టి ట్రేస్ చేసిందే అది. ట్రేస్ చేయడమే తప్పా?

డ్రాయింగ్_టీచర్, చీపురుపల్లి:

ట్రేస్ చేయడం తప్పేం కాదు బాబూ, కానీ దేన్ని ట్రేస్ చేశావో చూసుకోవాలి. గుంపులో నిలబడి అల్ట్రా వైడ్‌లో తీసుంటావు. ఆ లెన్స్‌లో ఫొటో అంచులకి వచ్చినవన్నీ సాగి వంగుతాయి, దగ్గరున్న జనం పెద్దగా అయిపోతారు, దూరంగా పైనున్న మాను చివర చిన్నదైపోతుంది. నువ్వు గీసింది సిరిమానుని కాదు, లెన్స్ చేసిన వంకరని.

ఒక కొలత పెట్టుకో. మాను పొడవు యాభై అరవై అడుగులు, మనిషి అయిదున్నర. అంటే తొమ్మిది నుంచి పదకొండు మంది మనుషుల పొడవు. మాను మొదలు దగ్గర నిలబడ్డ మనిషిని కొలిచి, ఆ కొలతని మాను వెంట పైకి పేర్చుకుంటూ వెళ్ళు, మాను మన వైపు వాలి ఉంటే కొంచెం తగ్గుతుంది, పక్కకి ఉంటే పూర్తి పొడవు కనిపిస్తుంది. నీ బొమ్మలో ఆరో ఏడో వస్తే పొట్టిగానే ఉంటుంది మరి. క్రిటాలో అసిస్టెంట్ టూల్ ఉంది, వానిషింగ్ పాయింట్ (దూరంగా గీతలన్నీ కలిసేచోటు) పెట్టుకుని కోట గోడ, రోడ్డు దానికి సరిచేసుకో, మాను మాత్రం చేత్తో ఒక్క గీతలో లాగు, భుజం నుంచి. స్టెబిలైజర్ అక్కడ పెట్టుకో, మిగతా చోట్ల వద్దు.

ఇంకోటి, చాలామంది మానుని పైపులా ఒకే మందంతో వేసేస్తారు. అది చింతమాను, మొదలు బలంగా ఉండి చివరికి సన్నబడుతుంది, కింద ఇరుసుమానుకి (సిరిమానుని మోసే అడుగు దుంగ) బిగించిన చోట బరువంతా ఉంటుంది. అక్కడ తాళ్ళ బిగువు, పట్టుకున్నోళ్ళ చేతులు గట్టిగా చూపించు, పైన పూజారి గారు కూర్చున్న చోట గీతలు తగ్గించు. కింద బరువు కనిపిస్తేనే పైన ఎత్తు తెలుస్తుంది. జనాన్ని ఒక్కొక్కరినీ గీయక్కర్లేదు, ముందు వరస మొహాలు నాలుగైదు బాగా వేసి, వెనక్కి వెళ్ళేకొద్దీ తలలు, పైకెత్తిన చేతులు, ఫోన్లు, అంతే.

గంటస్తంభం_కుర్రోడు:

కొలిచాను టీచర్ గారూ, ఆరున్నరే వచ్చింది. మళ్ళీ గీస్తున్నా. రాజాం అన్నా, పేపర్ మ్యాట్ తీసుకోనా గ్లాసీనా?

పెళ్ళి_ఆల్బమ్, రాజాం:

అద్దం ఫ్రేమ్ కడుతున్నావు కాబట్టి మ్యాట్ తీసుకో, అద్దం మెరుపుకి గ్లాసీ మెరుపు తోడైతే పగలు బొమ్మ కనిపించదు. మ్యాట్‌లో నలుపు అంత లోతుగా రాదు, నీడలు బాగా దగ్గర దగ్గరగా ఉంటే కలిసిపోతాయి, అందుకని ముదురు భాగాలు కొంచెం లేత చేసి పంపు. మొత్తం ఏ2 వేయించే ముందు బొమ్మలోంచి ఒక మొహం, పసుపు చీర మడత, ఎరుపు, బాగా చీకటిగా ఉన్న మూల, ఈ నాలుగూ అసలు సైజులోనే కత్తిరించి ఒక ఏ4లో పెట్టి అదే పేపర్ మీద వేయించి పగటి వెలుగులో చూడు. ఫ్రేమ్ షాపులో అద్దానికీ బొమ్మకీ మధ్య ఎడం ఉంచే మౌంట్ బోర్డు పెట్టమని చెప్పు, కాగితం అద్దానికి తగులుతూ ఉంటే మన వైపు చెమ్మకి వానాకాలంలో అంటుకుపోతుంది.