ఆధార్ లేని శరణార్థికి హైదరాబాద్‌లో ట్రమడాల్ మాన్పించే వైద్యం ఎక్కడ?

బాలాపూర్‌లో మా ఇంటి దగ్గరి బస్తీలో ఉండే ఒక రోహింగ్యా అబ్బాయి కోసం అడుగుతున్నాను. వయసు 22, స్క్రాప్ గోదాంలో పని. బరువులు మోసి నడుం నొప్పి అని మొదలుపెట్టిన ట్రమడాల్ 50 ఎంజీ క్యాప్సూల్స్ 14 నెలల్లో రోజుకు పదికి చేరాయి. 2018 నుంచి అది ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం కిందకి వచ్చిన మందే, అయినా డాక్టర్ చీటీ లేకుండానే దొరుకుతోంది.

మూడుసార్లు మానాలని చూశాడు. ఆఖరి క్యాప్సూల్ వేసుకున్న 12 గంటలకే ఆవలింతలు, ముక్కు కారడం, రెండో రోజుకి విరేచనాలు, కాళ్లు ఒక్కచోట పెట్టలేకపోవడం. మూడో రాత్రి వాళ్లమ్మ రేకుల గదిలో కూర్చుని వాడి పిక్కలు పిసుకుతూనే ఉంది, నేను అక్కడే ఉన్నాను, తెల్లారేసరికి మళ్లీ వేసుకున్నాడు. రెండు నెలల క్రితం ఒకసారి ఫిట్స్ కూడా వచ్చాయి, అందుకే ఇంట్లోనే మాన్పించాలంటే భయంగా ఉంది.

ఒక ప్రభుత్వాసుపత్రికి రెండుసార్లు తీసుకెళ్లాను, ఓపీ చీటీ దగ్గరే ఆధార్ అడిగి పంపేశారు. ఆ కుటుంబం దగ్గర ఉన్నది యూఎన్‌హెచ్‌సీఆర్ (ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ) కార్డు ఒక్కటే. ప్రైవేటు సెంటర్ నెలకు 30 వేలు అడిగింది, వాడికొచ్చేది రోజుకు 500. పోలీసుల దాకా వెళ్తే దేశం నుంచే పంపేస్తారేమోనని ఇంట్లోవాళ్లు నోరు విప్పరు.

ఆ కార్డు చూసి చేర్చుకుని, బ్యూప్రెనార్ఫిన్ లాంటి, ఈ అలవాటు మాన్పించడానికి వాడే మందుతో వైద్యం చేసే చోటు హైదరాబాద్‌లో మీకు స్వయంగా తెలిసింది ఏదైనా ఉందా?