"తోకచుక్క రాలి మండిపోయింది" అనొచ్చా?

కావలి నుంచి ప్రశ్న:
బడి గోడపత్రికకు ఈ వాక్యం రాశాం: "తోకచుక్క రాలి, గాలి రాపిడికి మండిపోతుంది." మాటలు సరిపోయాయా? పెద్దలు చూసి చెప్పండి.

ఒంగోలు:
తోకచుక్క మాట తీసెయ్యండమ్మా. అది రాలదు. మంచూ దుమ్మూ కలిసిన ముద్ద అది. కనిపిస్తే రోజుకు కాస్త జరుగుతూ వారాల తరబడి కనిపిస్తుంది. సూర్యుడి దగ్గరికి వచ్చినప్పుడు మంచు ఆవిరై, అందులోని రేణువులు దారి పొడవునా మిగిలిపోతాయి. ఆ దారిని భూమి ఏటా దాదాపు అవే తేదీల్లో దాటుతుంది. అప్పుడు ఆ రేణువులు మన గాలిలోకి దూసుకొచ్చి వెలుగుతాయి, అవే ఉల్కలు. ఆగస్టు 12, 13 నాటి ఉల్కలు స్విఫ్ట్-టటిల్ తోకచుక్క విడిచినవి. మే మొదటి వారానివి, అక్టోబరు 21 నాటివి హాలీ తోకచుక్క విడిచినవి. డిసెంబరు 14 నాటివి మాత్రం ఫేథాన్ అనే గ్రహశకలం నుంచి వస్తాయి. "చుక్క రాలింది" అనడంలో నాకు తప్పు కనబడదు, కంటికి ఎట్లా తోచిందో అట్లా చెప్పే మాట అది.

నెల్లూరు:
నా అభ్యంతరం "రాపిడి" మీద. ఆ మాట వింటే రెండు వస్తువులు రుద్దుకున్నట్టు తోస్తుంది. ఉల్కలు ఎక్కువగా వెలిగేది 120 నుంచి 80 కిలోమీటర్ల ఎత్తులో. అక్కడ గాలి బాగా పలచన. సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో వచ్చే ఇసుకరేణువును గాలి అణువులు ఎదురొచ్చి గుద్దుతాయి, ఆ దెబ్బలకే అది కరిగి ఆవిరవుతుంది. పెద్ద రాయైతే సంగతి వేరు: ముందున్న గాలి తప్పుకునే వ్యవధి లేక నలిగి, వేల డిగ్రీలకు కాగి, రాయిని పొరలు పొరలుగా కరిగిస్తుంది. లెక్క కట్టి చూడండి. ఆగస్టు ఉల్కల వేగం సెకనుకు 59 కిలోమీటర్లు. ఆ వేగంలో ఒక్క గ్రాముకు ఉండే శక్తి సుమారు 17 లక్షల జౌళ్ళు (జౌలు అంటే శక్తిని కొలిచే ప్రమాణం). గ్రాము రాయి ఆవిరి కావడానికి పది వేలు చాలు. ఇంకేం మిగులుతుంది?

"మండడం" కూడా కట్టె మండినట్టు కాదు. ఆవిరైన అణువులూ గాలి అణువులూ ఢీకొని వెలుగునిస్తాయి. సోడియం పసుపు, మెగ్నీషియం ఆకుపచ్చ. కాబట్టి "గాలి తాకిడికి కాగి, వెలుగుతూ ఆవిరైపోతుంది" అని రాయండి.

కందుకూరు:
అయినా మంట ఆ పేరులోనే ఉంది. సంస్కృతంలో ఉల్క అంటే కొరివి అని కూడా అర్థం. వరాహమిహిరుడు బృహత్సంహితలో వీటిని ఐదు రకాలుగా విడగొట్టాడు: ధిష్ణ్య, ఉల్క, అశని, విద్యుత్తు, తార. మన పత్రికల్లో "ఉల్కాపాతం" అని ఆకాశంలో చుక్కల జల్లుకూ రాస్తారు, నేలమీద రాయి పడ్డా రాస్తారు. పిల్లలకు విడదీసి చెప్పడం మంచిది: వెలుగు ఉల్క, నేలకు చేరిన రాయి ఉల్కాశకలం.

కావలి:
మార్చేశాం. పిల్లలు మన దగ్గర చూడటానికి ఏ తేదీ రాయమంటారు?

ఒంగోలు:
మే 6. ఆగస్టులోనూ డిసెంబరులోనూ మనకు మబ్బుల బెడద. ఆ ఉల్కలు వస్తున్నట్టు తోచేది కుంభరాశి వైపు నుంచి. రాత్రి రెండు ప్రాంతంలో ఆ రాశి తూర్పున పైకొస్తుంది, 3 నుంచి 4:30 దాకా చూడాలి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరమైతే తూర్పున ఊరి దీపాలుండవు. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది, మధ్యలో ఫోను చూస్తే మళ్ళీ మొదటికొస్తుంది. వెన్నెల ఉంటే సన్నవి కనిపించవు, అందుకని తేదీ పక్కన ఆ ఏటి తిథి కూడా రాయండి.