క్రిస్మస్ ఆచారాల బొమ్మల పుస్తకాలు: కట్టుకథలు కూడా పిల్లలకి చదివి వినిపించాలా?

ఇద్దరు_పిల్లల_అమ్మ (డాలస్): క్రిస్మస్ చెట్టు ఎలా మొదలైందో చెప్పే బొమ్మల పుస్తకం లైబ్రరీ నుంచి తెచ్చాను. జర్మనీలో చర్చి సంస్కరణ మొదలెట్టిన మార్టిన్ లూథర్ రాత్రిపూట మంచులో నడిచొస్తూ, కొమ్మల మధ్య చుక్కలు చూసి, ఇంటికెళ్లి చెట్టుకి కొవ్వొత్తులు పెట్టాడట. మావాడికి ఆరేళ్లు. "నిజంగానా?" అంటున్నాడు. ఏం చెప్పను?

చదువరి_చిన్నారావు: నిజం కాదని చెప్పండి. లూథర్ పోయింది 1546లో. ఆయన రాతల్లో గానీ, ఆ కాలం వాళ్ల రాతల్లో గానీ ఈ ముచ్చట లేదు. 1605 నాటి స్ట్రాస్‌బర్గ్ రాతలో ఇళ్లలో చెట్లు నిలబెట్టి కాగితం గులాబీలు, ఆపిల్ పళ్లు కట్టేవారని ఉంది. అందులోనూ కొవ్వొత్తుల ఊసు లేదు. లూథర్ పెళ్లాం పిల్లలతో దీపాల చెట్టు ముందు కూర్చున్నట్టు 1843లో ఒక జర్మన్ చిత్రకారుడు రేకు మీద బొమ్మ చెక్కి అచ్చేశాడు. జనం దాన్నే సాక్ష్యంగా పట్టుకున్నారు. పిల్లల పుస్తకాల వాళ్లు ఇంకా అదే గీస్తున్నారు.

గుంటూరు_లూథరన్: ప్రైజ్ ద లార్డ్ బ్రదర్. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర అమెరికా నుంచి గుంటూరు వచ్చిన కాలం నుంచి మావాళ్లు లూథరన్లు. ఈ కథ చెప్పందే మా నాయనమ్మ కేకు ముక్క చేతికిచ్చేది కాదు. ఆవిడ అబద్ధాలకోరా? రాసిపెట్టలేదు కాబట్టి జరగలేదంటారా?

చదువరి_చిన్నారావు: నాయనమ్మగారి మాట ఎవరెత్తారు సిస్టర్? నేనన్నది 1843 బొమ్మ గురించి.

ఊరకే_వచ్చా: సెయింట్ నికోలస్ పుస్తకం తెచ్చుకోండి, గొడవుండదు.

కడప_కోడలు: ఎందుకుండదు? ఆ కథలో నికోలస్, అదే మైరా ఊరి బిషప్పుగారు, ముగ్గురాడపిల్లల కట్నాలకి కిటికీలోంచి బంగారం మూటలు విసిరాడు. మా పాప "కట్నం అంటే ఏంటి?" అంది. ఆ రాత్రి నాకూ మా ఆయనకూ మాటల్లేవు.

గుంటూరు_లూథరన్: చిన్నారావుగారికి ఏదీ మిగలకూడదు. యేసు పుట్టిన పశువుల పాక కూడా పీకేయండి!

చదువరి_చిన్నారావు: లూకా సువార్తలో తొట్టి ఉంది, ఎద్దూ గాడిదా లేవు. 1223లో ఇటలీలోని గ్రెచ్చో ఊళ్లో అస్సీసీ సెయింట్ ఫ్రాన్సిస్ గడ్డి పరిపించి, ఆ రెంటినీ తెప్పించి చూపించాడు. అది ఆయన పోయిన కొద్ది ఏళ్లకే రాసిపెట్టారు. ఆ కథ చదవండి, ఎవరొద్దన్నారు? పసి యేసుని చూడ్డానికొచ్చిన జ్ఞానులు ముగ్గురని మత్తయి కూడా రాయలేదు. మావాడు సండే స్కూల్లో ఆ మాటే అంటే, టీచరమ్మ అందరి ముందూ నిలబెట్టి "మీ నాన్న విశ్వాసి కాదా?" అంది. నాటకంలో గొర్రెల కాపరి వేషం కూడా పీకేసింది.

గుంటూరు_లూథరన్: అదీ సంగతి! కోపం టీచరమ్మ మీద, దెబ్బలు లూథర్‌కి.

చదువరి_చిన్నారావు: టీచరమ్మ మీదే, కాదన్నానా? సువార్తనీ కట్టుకథనీ ఒకే గొంతుతో చెప్తే, కథ తేలిపోయిన రోజు పిల్లాడు రెండూ వదిలేస్తాడు. నా భయం అది.

గుంటూరు_లూథరన్: నా భయం వేరు. మా పిల్లలు ఇక్కడే, అమెరికాలోనే పుట్టారు. తెలుగు ఆరాధనలో ఫోన్లోంచి తలెత్తరు. మా నాయనమ్మ నుంచి వాళ్లదాకా వచ్చిందల్లా ఈ ఒక్క కథ. దాని పక్కన కూడా మీ తేదీలు పెట్టమంటారా?

చదువరి_చిన్నారావు: "మా నాయనమ్మ ఇలా చెప్పేది" అని మొదలుపెట్టండి. అందులో అబద్ధం లేదుగా.

గుంటూరు_లూథరన్: అలా మొదలుపెడితే "మరి నువ్వు నమ్ముతావా?" అంటారు.

చదువరి_చిన్నారావు: అడగనివ్వండి.

ఊరకే_వచ్చా: ఆ 1843 బొమ్మ లింకు ఎవరైనా పెడతారా?

గుంటూరు_లూథరన్: పెట్టకండి.